తురాయి పిట్టల లెక్క

ఫువెంగిరోలా, స్పెయిన్
6 డిసెంబరు 1998

చెల్లీ ఇర్మెలీ,

ఇవాళ మన ఫిన్లాండు స్వాతంత్ర్య దినం కదా అని కిటికీలో రెండు కొవ్వొత్తులు వెలిగించాను. బయట ఎండ మండిపోతోంది, అవి వెలుగుతున్నాయో ఆరిపోయాయో కూడా తెలియలేదు. పక్కింటి సెన్యోరా నా ఇంట్లో ఎవరో పోయారనుకుని పరామర్శకి వచ్చింది. ఏదో గొణిగి వెళ్ళింది. ఈ ఊళ్ళో అందరూ గొణుగుతారు, నోరు తెరిచి మాట్లాడితే ఎవరో పన్ను వేస్తారన్నట్టు. నువ్వు మాత్రం తక్కువా? ఫోన్లో నీ మాట సగం నీ కడుపులోనే ఉండిపోతుంది. అందుకే ఉత్తరం రాస్తున్నాను.

నా ఊపిరితిత్తులు ఇక్కడ బాగానే ఉన్నాయి. హెల్సింకి చలికి పంపించొద్దని డాక్టరు ఖచ్చితంగా చెప్పాడు. కాబట్టి ఏటా చలికాలం నేను జట్టుతో పిట్టల్ని లెక్కపెట్టే ఆ నడక ఈ ఏడు నువ్వు నడిపించాలి. కళ్ళు పెద్దవి చెయ్యకు. పడవల రేవు దగ్గర మొదలుపెట్టి, గడ్డకట్టిన తీరం వెంట నడుస్తూ, ఆ చివర దేవదారుల్లాంటి స్ప్రూస్ చెట్ల దాకా. దారి మార్చకూడదు. ఇన్నేళ్ళుగా అదే దారి, అందుకే ఆ లెక్కకి విలువ. నడుస్తున్నప్పుడు మాట్లాడకూడదు. నీకు అది ప్రాణసంకటమని తెలుసు, యాలకుల బన్ను నోట్లో కుక్కుకో. ఇంకో నియమం: నడిపించేవాళ్ళకీ, ఇంకొకరికీ, ఇద్దరికీ కనిపించిన, లేదా వినిపించిన పిట్టనే రాయాలి. ఒక్కరే చూసింది, ఒక్కరే విన్నది లెక్కలోకి రాదు.

అసలు సంగతి ఇప్పుడు చెప్తున్నాను. ఆ చివరి చెట్లలో తురాయి పిట్టలు ఉండేవి. బొటనవేలంత ప్రాణి, నెత్తిన పసుపు గీత. కొమ్మల్లో కంటికి ఆనదు, కూత విని పట్టుకోవాలి. సముద్రమే బిగుసుకుపోయిన చలిలో అంత చిన్నది బతికే ఉందని సన్నగా కూస్తే, నాకు మిగతా చలికాలం దాటెయ్యడానికి అది చాలేది. నగర తోటల శాఖ వాళ్ళు పక్కనున్న చెట్లు కొట్టేశాక అవి పోయాయి. అయిదారేళ్ళుగా ఒక్కటీ లేదు. ఈసారి కూడా లేకపోతే అందరికీ నా మాటగా చెప్పు, ఈ నడక ఇంతటితో సరి. చచ్చిపోయిన చోటు చుట్టూ మనుషుల్ని తిప్పడం నావల్ల కాదు. నేను కూడా వసంతంలో అటు రాను, ఇక్కడే ఉండిపోతాను.

ఒస్మోని పిలవకు. నలభై ఏళ్ళ స్నేహితుడైతే మాత్రం ఏం, లేని పిట్టని ఉందని రాయించబోయాడు. మా పిట్టల వాళ్ళు దొంగనైనా కాఫీకి పిలుస్తారు గాని అలాంటివాణ్ణి పిలవరు.

నీ అన్నయ్య,
ఔలిస్


హెల్సింకి
28 డిసెంబరు 1998

అన్నయ్యా,

మంచి కబురు ఒకటి ఉంది. చివర్లో చెప్తాను. కాగితం తిప్పి ముందే చదివావో, నీకు నా ఒట్టు!

నీ నడక నడిపించాను. నా నడుము నన్నింకా క్షమించలేదు. బూట్లకి మేకులు తగిలించుకున్నా సరే, రేవు దగ్గరే చతికిలబడ్డాను. మీ జట్టులోని తూలిక్కి లేపింది. ఆవిడ బళ్ళో పిల్లల్ని ముప్ఫై ఏళ్ళు లేపి నిలబెట్టిన మనిషి, ఒక్క చేత్తో అవలీలగా లేపేసింది. మొత్తం ఎనిమిది మంది వచ్చారు. ఎవరూ నోరు మెదపలేదు, నేను తప్ప. గాలికి టెలిస్కోపు గాజుకి నా కనురెప్ప వెంట్రుకలు అతుక్కుపోయాయి. నీళ్ళు ఇంకా గడ్డకట్టని చోట హంసలు, బాతులు ఒకదాన్నొకటి తోసుకుంటూ కూర్చున్నాయి, ఆసుపత్రి వరండాలో ముసలాళ్ళలాగా.

అక్కడో ఘోరం జరిగింది. రంపపు ముక్కు బాతు ఒకటి మునిగితే, ఎక్కడ తేలుతుందా అని టెలిస్కోపు తిప్పుతున్నాను. తేలింది. చూద్దును కదా, చలి స్నానానికి మంచు గొయ్యిలో మునిగి నిచ్చెన ఎక్కుతున్న ఒక పెద్దావిడ! నెత్తిన ఉన్ని టోపీ తప్ప ఒంటి మీద నూలుపోగు లేదు. "ఏమమ్మా, నన్ను కూడా రాసుకున్నావా?" అని అరిచింది. నేను సిగ్గుతో చచ్చిపోతుంటే తూలిక్కి, "ఇద్దరం చూశాం ఇర్మెలీ, రాసెయ్" అంది. ఎనిమిది మందిమీ అంత నవ్వు నవ్వితే పిట్టలన్నీ లేచిపోయాయి. మళ్ళీ వచ్చి వాలేదాకా ఆగి లెక్కపెట్టాం. నువ్వుంటే మా అందరి చెవులూ మెలేసేవాడివి.

ఇక కబురు. చివరి స్ప్రూస్ చెట్ల కింద నిలబడ్డాం. సూదితో గాజు మీద గీసినట్టు సన్నటి చప్పుడు. "ఇదేంటి?" అన్నాను పైకే. తూలిక్కి నెమ్మదిగా, "తురాయి" అంది. మూడు ఉన్నాయి అన్నయ్యా! ఒకటి నా మొహం ముందుకే వచ్చింది, పసుపు గీత కళ్ళారా చూశాను. ఆవిడ విన్నది, నేను విన్నాను, రాసేశాం. నీ పిట్టలు తిరిగొచ్చాయి. ఇక నడక ఆగదు, నువ్వూ నోరు మూసుకుని వసంతంలో ఇంటికి రా.

ఒక్కటే నాకు అంతుపట్టలేదు. ఎవరూ సంతోషపడలేదు. మన వాళ్ళకి లాటరీ తగిలినా పళ్ళ డాక్టరు దగ్గర కూర్చున్నట్టే ఉంటారనుకో. అయినా సరే, ఇది వేరేగా ఉంది. అందరూ నేల చూపులు చూశారు. ఇంకా కాఫీ వేళ కాకుండానే తూలిక్కి నా చేతిలో కప్పు పెట్టేసింది.

ఉంటాను. మా అమ్మాయి కైసాకి ఏడో నెల దాటింది, ఫిబ్రవరి చివరికి పురుటికి సాయంగా ఉత్తరాన ఔలు ఊరికి వెళ్ళాలి.

నీ చెల్లెలు,
ఇర్మెలి


ఫువెంగిరోలా
7 జనవరి 1999

ఇర్మెలీ, నా బంగారు చెల్లీ,

నీ నోటి నిండా చక్కెర పొయ్యాలి. మూడా! మూడు! ఉత్తరం పట్టుకుని మెట్లు దిగి ఎదురొచ్చిన సెన్యోరాకి చెప్పేశాను. మన భాషలోనే వాగాను, ఆవిడకి ఒక్క ముక్క అర్థం కాకపోయినా నన్ను కావిలించుకుంది. ఇక్కడున్న మన ఫిన్లాండు వాళ్ళ బేకరీకి వెళ్ళి అందరికీ బన్నులు కొనిపెట్టాను. ఈ మూడు పిట్టల పుణ్యమా అని ఇవాళ వీధి వీధంతా నాకు చుట్టాలైపోయారు.

చూశావా, నా పోరాటం ఊరికే పోలేదు! నేను తోటల వాళ్ళకి అర్జీ మీద అర్జీ రాసి సతాయించబట్టే మిగిలిన చెట్లు నిలిచాయి. చెట్లు నిలిచాయి కాబట్టి పిట్టలు వచ్చాయి. నన్ను చాదస్తుడన్న వాళ్ళందరికీ ఈ మాట చెప్పు. ముఖ్యంగా ఒకడికి.

మర్నాడు కలుపుతున్నాను. పొద్దున్న లేచి నీ ఉత్తరం మళ్ళీ చదివాను. అందరూ నేల చూపులు చూశారన్నావు. ఎందుకు? ఇర్మెలీ, నిజం చెప్పు. ఒస్మో వచ్చాడా? వాడు నీకు నేర్పాడా? నీకు పిచ్చుకకీ పావురానికీ తేడా తెలియదు, మొదటిసారే తురాయిని పట్టేశావా? ముసలాయన అక్కడ ఒంటరిగా ఏడుస్తున్నాడు, ఓ అబద్ధం ఆడితే తేరుకుంటాడని అందరూ అనుకున్నారా? జాలిపడి పిట్టల్ని పుట్టిస్తే నేను తట్టుకోలేను. ఉంటే ఉన్నాయని రాయి, లేకపోతే లేవని రాయి.

ఔలిస్


హెల్సింకి
16 జనవరి 1999

ఔలిస్ అన్నయ్యా,

అరవై రెండేళ్ళొచ్చిన చెల్లెల్ని అబద్ధాలకోరుని చేశావు. సంతోషం. మంచులో పడి నడుము విరగ్గొట్టుకున్నందుకు బాగా ముట్టజెప్పావు. ఒస్మో రాలేదు. నువ్వు వద్దన్నావని నేను పిలవనూ లేదు. ఆ రోజు ఆయన రేవు పక్క వీధిలోనే ఉన్నాడట, మమ్మల్ని చూసి వెనక్కి తిరిగి వెళ్ళిపోయాడట. ఇది తూలిక్కి చెప్పింది. విని నాకే మనసు చివుక్కుమంది.

నీ అనుమానం నాకూ అంటుకుంది. అందుకే తూలిక్కి ఇంటికెళ్ళి నిలదీశాను. "పిట్టలు తిరిగొస్తే ఎవరూ సంతోషపడలేదేం?" అన్నాను.

ఆవిడ చాలాసేపు కప్పులు తుడిచింది. తుడిచిన కప్పులే మళ్ళీ తుడిచింది. చివరికి, "ఎప్పుడు పోయాయి గనక తిరిగి రావడానికి?" అంది.

"అంటే?"

"ప్రతి చలికాలం ఉన్నాయి. మేమంతా విన్నాం. మీ అన్నయ్య లేవన్నాడు. నడిపించేవాడు లేవంటే రాయకూడదు కదా, రాయలేదు."

అంతే, కప్పులు అలమరలో పెట్టేసింది. ఇదేం గోల అన్నయ్యా? అందరూ విన్నవాటిని నువ్వొక్కడివీ లేవని ఎందుకన్నావు? తోటల వాళ్ళ మీద కోపంతోనా? అర్జీలకి బలం వస్తుందనా? నువ్వు అలాంటివాడివి కాదే! నాకేం అర్థం కావడం లేదు. నువ్వే చెప్పు.

ఇర్మెలి


ఫువెంగిరోలా
24 జనవరి 1999

శ్రీమతి ఇర్మెలి గారికి,

నేను అర్జీల కోసం పిట్టల్ని దాచానని రాశారు. ఈ మాట ఒస్మో అన్నా ఇంత బాధపడేవాణ్ణి కాదు.

అవి లేని మొదటి చలికాలం ఆ చెట్ల కింద నిలబడ్డది నేను. ఆకు కదలడం లేదు. ఊపిరి బిగబట్టి విన్నాను. ఏమీ లేదు. ఒట్టి నిశ్శబ్దం. వాడు నా పక్కనే నిలబడి, "అదిగో కూస్తోంది" అన్నాడు. నా మొహం మీదే అన్నాడు! నువ్వు అబద్ధాలు పుట్టిస్తున్నావన్నాను. వాడు కాసేపు నన్ను చూసి, "నేనే పొరబడి ఉంటాను" అని వెళ్ళిపోయాడు. పొరబడ్డానని వాడే ఒప్పుకున్నాడు కదా? మరి ఇప్పుడు అందరూ విన్నామంటారేం?

నడక ఆపేశామని అందరికీ చెప్పండి. వసంతంలో నాకోసం గది సర్దనక్కర్లేదు.

ఔలిస్


హెల్సింకి
4 ఫిబ్రవరి 1999

అన్నయ్యా,

గారూ గీరూ అవతల పెట్టు. కూర్చుని చదువు. కోపం వచ్చినా చివరిదాకా చదువు.

నీ ఉత్తరం పట్టుకుని తిన్నగా ఒస్మో ఇంటికి వెళ్ళాను. గురువారం కదా, మన ఊళ్ళో అందరిలాగే బఠాణీ సూపు తాగుతున్నాడు. నాకూ ఓ గిన్నె పోశాడు. 'పొరబడి ఉంటాను' అన్న చోట వేలు పెట్టి చూపించాను. "నిజంగా పొరబడ్డావా?"

"లేదు."

"మరి ఎందుకన్నావు?"

"పిట్ట సరిగ్గా మా నెత్తి మీదే కూస్తోంది. ఔలిస్ మొహం చూశాను. వినాలని ఎంత ఆశగా ఉన్నాడో నీకు చెప్పలేను. కావాలని లేదనేవాడి మొహం అలా ఉండదు. అప్పుడు తెలిసింది, ఆ కూత ఆయనకి చేరడం లేదని."

"ఆ మాట అక్కడే చెప్పి చావొచ్చు కదా!"

"పిట్టల మనిషికి చెవులు పోయాయని అందరి ముందూ ఎలా చెప్పను? నన్ను అబద్ధాలకోరు అనుకుంటే నాకేం పోయింది, సూపు అరగడం మానేసిందా?"

నాకు కోపం, ఏడుపు రెండూ ముంచుకొచ్చాయి. "నువ్వు ఆయన పరువు కాపాడావు, సరే. పిట్టల్ని చంపేశావు కదయ్యా! ఇన్నేళ్ళూ అవి చచ్చిపోయాయని ఆయన కుమిలిపోతున్నాడు, తెలుసా? ఈ ఊరికే రానంటున్నాడు" అన్నాను.

ఒస్మో చెంచా కింద పెట్టేశాడు. "నేను అలా ఆలోచించలేదు ఇర్మెలీ" అన్నాడు. ఇంకా సగం సూపు ఉండగానే లేచి కిటికీ దగ్గరకెళ్ళి నిలబడ్డాడు. నువ్వు వెళ్ళగొట్టిన మనిషి అన్నయ్యా, నీకోసం ఇన్ని చలికాలాలు ఆ నింద మోశాడు. తూలిక్కి వాళ్ళు కూడా ఆయన మాట మీదే నోరు నొక్కుకున్నారు.

కాబట్టి నేనే చెప్తున్నాను. నీ వినికిడి తగ్గింది. వయసులో ముందు పోయేవి ఆ సన్నటి శబ్దాలే, లావు శబ్దాలు బాగానే వినిపిస్తాయి. అందుకే మనిషికి తెలియదు, ఎదుటివాళ్ళు గొణుగుతున్నారనుకుంటాడు. స్పెయిన్ వాళ్ళు గొణగరన్నయ్యా. నాకు తెలిసి వాళ్ళంత గట్టిగా అరిచేవాళ్ళు భూమ్మీద లేరు. నేనూ ఫోన్లో గొంతు చించుకునే మాట్లాడాను, కింద ఇంటివాళ్ళు సాక్ష్యం చెప్తారు.

నన్ను తిట్టుకో. కానీ పిట్టలు ఉన్నాయి. ఎప్పుడూ ఉన్నాయి.

నేను ఈ నెలాఖరుకి ఔలు వెళ్తున్నాను. నువ్వు వచ్చేట్టయితే ఇంటి తాళం తూలిక్కి దగ్గర ఉంటుంది.

ఇర్మెలి


హెల్సింకి
14 మార్చి 1999

నా చెల్లి ఇర్మెలికి,

నీ వంటింటి బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను. నువ్వు ఫ్రీజర్లో దాచిన సూపు తాగేశాను. మొక్కలకి నీళ్ళు పోశాను, ఒకదానికి ఎక్కువైనట్టుంది, నువ్వొచ్చేసరికి అది ఉండకపోవచ్చు. కైసాకి ఆడపిల్ల పుట్టిందని తూలిక్కి చెప్పింది. పిల్ల ఏడుపు బాగా గట్టిగా ఉందట కదా. నాకిప్పుడు అలాంటి మనుషులే కావాలి.

నీ ఉత్తరం చదివి వారం రోజులు నిన్ను తిట్టాను. ఆ వారం పోయాక సెన్యోరా నన్ను చెవుల డాక్టరు దగ్గరికి లాక్కెళ్ళింది. ఓ గదిలో కూర్చోబెట్టి, చెవులకి ఏవో తగిలించి, చప్పుడు వినపడగానే మీట నొక్కమన్నారు. నొక్కుతూ ఉన్నాను. తర్వాత చాలాసేపు ఏమీ రాలేదు. మిషను పాడైందేమోనని తలెత్తి చూశాను. డాక్టరమ్మ చెయ్యి ఇంకా తిప్పుతూనే ఉంది. శబ్దాలు వస్తూనే ఉన్నాయి, నాకు రావడం లేదు.

అప్పటికి నాకు అర్థమైంది. అవి చచ్చిపోలేదు. అయిదారేళ్ళుగా నేను ఎవరి కోసం ఏడ్చానో వాళ్ళంతా నా నెత్తి మీదే కూర్చుని పాడుతున్నారు. పోయింది పిట్టలు కాదు, నా చెవులు! నాకు నవ్వొచ్చింది. పగలబడి నవ్వాను, కళ్ళల్లో నీళ్ళు కారిపోయాయి. డాక్టరమ్మ కంగారుపడి, నాకు సంగతి అర్థం కాలేదేమోనని మళ్ళీ మొదట్నించీ చెప్పబోయింది. అర్థమైందమ్మా, బాగా అర్థమైంది, నా జన్మలో ఇంత మంచి కబురు చెప్పినవాళ్ళు లేరు అన్నాను. నా వచ్చీరాని స్పానిష్‌ని సెన్యోరా ఎలా తర్జుమా చేసిందో దేవుడికెరుక, డాక్టరమ్మ నన్ను కాస్త భయంగానే సాగనంపింది.

అక్కడి నా ఊపిరితిత్తుల డాక్టరు, చలి కాస్త తగ్గిందని ఇక్కడ రెండు వారాలు ఉండటానికి సరేనన్నాడు, మెడ చుట్టూ మఫ్లరు తియ్యకూడదన్న షరతు మీద. దిగగానే ఒస్మో ఇంటికి వెళ్ళాను. ఏం మాట్లాడాలో విమానంలో వల్లెవేసుకుంటూనే ఉన్నాను. వాడు తలుపు తీసి, నన్ను పైనుంచి కిందకి చూసి, "బూట్ల మంచు దులుపుకుని రా" అన్నాడు. నేను వల్లెవేసినవన్నీ పోయాయి. "ఒస్మో, నా కోసం అంత మాట పడ్డావు, నీ రుణం ఎలా తీర్చుకోనురా" అన్నాను. వాడు కాఫీ కలుపుతూ, "ముందు గట్టిగా మాట్లాడటం మానెయ్, పక్కింటి కుక్క బెదిరిపోతోంది" అన్నాడు. ఇద్దరం ఆ రోజు పొద్దుపోయేదాకా కూర్చున్నాం. పెద్దగా ఏమీ మాట్లాడుకోలేదు, మాకది అలవాటే.

చెవిలో మిషను పెట్టారు. నీ వంటింటి కొళాయి కారుతోందని దానివల్లే తెలిసింది, బాగుచేయించాను. అడుగు వేస్తే మంచు ఇంత చప్పుడు చేస్తుందని మర్చిపోయాను. నేను సూపు ఎంత అసహ్యంగా జుర్రుతానో కూడా తెలిసింది, ఇన్నేళ్ళూ ఒక్కరూ చెప్పలేదు. ఎంత మంచి మనుషుల మధ్య బతికాను ఇర్మెలీ!

నిన్న నడకకి వెళ్ళాం. ఒస్మోనే నడిపించమన్నాను. ముందు వద్దన్నాడు, తూలిక్కి కన్నెర్ర చేస్తే ఒప్పుకున్నాడు. తీరం అంచున మంచు కరగడం మొదలైంది, పలకలు ఒకదాని మీదకొకటి ఎక్కుతున్నాయి. హంసలు జంటలు కట్టేశాయి. నీకు కేకేసిన ఉన్ని టోపీ ఆవిడ కూడా కనిపించింది, ఈసారి ఒళ్ళంతా కప్పుకుని ఉంది. నీ గురించి అడిగింది.

చివరి స్ప్రూస్ చెట్ల కింద అందరం నిలబడ్డాం. గాలి లేదు. నేను ఊపిరి బిగబట్టాను. ఒస్మో మెల్లిగా వేలెత్తి పైకొమ్మ చూపించాడు. తర్వాత ఇంకో వేలు, ఇంకోటి. అందరి మొహాలూ పైకి తిరిగాయి. నాకేమీ వినపడలేదు. మిషను ఉన్నా అంత సన్నటి కూత అందకపోవచ్చని డాక్టరమ్మ ముందే చెప్పింది. తూలిక్కి కళ్ళు నా మీదే ఉన్నాయి, ఎక్కడ కూలబడతానో అని. నేను కూలబడలేదు.

నా చుట్టూ అదే నిశ్శబ్దం, ఎప్పటిదే. ఇన్నాళ్ళూ దాన్ని శ్మశానం అనుకుని తిట్టుకున్నాను. నిన్న మాత్రం అందులో మూడు పిట్టలు ఉన్నాయని తెలిసి, టోపీ తీసి చేత పట్టుకుని, వాటి పాట అయ్యేదాకా నిలబడ్డాను.

నీ అన్నయ్య,
ఔలిస్